నాండ్ ఒక్కటే చాలు సరే, ‘ఇవి చాలవు’ అని ప్రూవ్ చేసేది ఎట్ల?

రేణిగుంట_ఎమ్సీఏ:
అందరికీ నమస్తే. తిరుపతిలో ఎమ్సీఏ చేస్తా ఉండాను, డిస్క్రీట్ మ్యాథ్స్‌లో ఒక చోట ఇరుక్కున్నాను. లాజిక్ కనెక్టివ్స్‌లో (నిజాన్ని 1, అబద్ధాన్ని 0 అనుకోని వాక్యాలని కలిపే అండ్, ఆర్, నాట్ లాంటివి) కొన్ని పెట్టుకుంటే మిగతావన్నీ వాటితోనే పుట్టించొచ్చు అంటారు గదా, ఫంక్షనల్లీ కంప్లీట్ సెట్ అని, ఆ చాప్టర్. అండ్, ఆర్, నాట్ మూడూ ఉంటే చాలనేది అర్థమైంది. ట్రూత్ టేబుల్‌లో (ఏ విలువలు ఇస్తే ఏం వస్తుందో చూపే పట్టికలో) 1 వచ్చిన ప్రతి వరసకీ ఒక అండ్ రాసుకోని వాటన్నింటినీ ఆర్‌తో కలిపేస్తే ఎట్లాంటి టేబుల్ అయినా వచ్చేస్తుంది, ఒక్క 1 కూడా లేకపోతే పి అండ్ నాట్ పి రాసేస్తే సరి. డీమోర్గాన్ సూత్రం (నాట్ వాడి అండ్‌ని ఆర్‌గా, ఆర్‌ని అండ్‌గా మార్చేది) ఉంది కాబట్టి ఆర్‌ని తీసేసినా నడుస్తుంది, అండ్‌ని తీసేసినా నడుస్తుంది. నాండ్ (అండ్ చేసి ఫలితాన్ని తిరగేసేది) ఒక్కటే చాలనేది కూడా చేసి చూసినా:

నాట్ పి = పి నాండ్ పి
పి అండ్ క్యూ = (పి నాండ్ క్యూ) నాండ్ (పి నాండ్ క్యూ)
పి ఆర్ క్యూ = (పి నాండ్ పి) నాండ్ (క్యూ నాండ్ క్యూ)

నా డౌట్ దీనికి అవతల పక్కది. ‘అండ్, ఆర్ రెండే ఉంటే చాలవని నిరూపించండి’ అని ప్రశ్న ఇచ్చినారు. ఎట్లెట్ల కలిపినా నాట్ రావడం లేదు, అది నిజమే, కానీ నాకు రాలేదంటే ఎవరికీ రాదని ఎట్ల చెప్పేది? ఇంకా పొడుగు ఫార్ములా రాస్తే వస్తుందేమో అనే అనుమానం అట్లనే ఉంటుంది గదా. క్లాసులో ‘ట్రై చేస్తే మీకే తెలుస్తుంది’ అని ముందుకు పోయినారు. సరిగ్గా ఎట్ల రాయాల్నో ఎవరైనా చెప్తారా.

అలిపిరి_99:
తమ్ముడూ పరీక్షకైతే లిస్టు గుర్తు పెట్టుకో చాలు. నాట్‌తో అండ్, నాట్‌తో ఆర్, నాట్‌తో ఇంప్లైస్ (మొదటిది 1, రెండోది 0 అయితేనే 0 ఇచ్చేది), ఒంటరిగా నాండ్, ఒంటరిగా నార్ (ఆర్ చేసి తిరగేసేది). వీటిల్లో ఏదో ఒకటి సెట్‌లో కనపడితే కంప్లీట్, లేదంటే కాదు. నేను ఇట్లనే టిక్ పెడతా ఉంటాను.

చిత్తూరు_లెక్కల_మేడం:
అలిపిరి గారూ, ఆ లిస్టుతో పోతే దెబ్బ తినే చోట్లు ఉన్నాయి, ఒకటి ఇప్పుడే చెప్తాను, ఇంప్లైస్‌కి తోడు 0 అనే కాన్‌స్టంట్ ఇచ్చారనుకోండి, అది మీ లిస్టులో లేదు, కానీ కంప్లీటే. పి ఇంప్లైస్ 0 అంటే నాట్ పి అయిపోతుంది కదా.

ఇంక అబ్బాయి ప్రశ్నకి వస్తాను. బాబూ, నువ్వు అడిగిందే అసలైన ప్రశ్న, ‘నాకు రాలేదు’కీ ‘ఎవరికీ రాదు’కీ మధ్య ఉన్న తేడా నీకు కనపడింది, అది వదిలిపెట్టకు. వెతకడం ఆపేసి ఒక గుణం పట్టుకోవాలి. నీ చేతిలో ఉన్న కనెక్టివ్స్ అన్నింటికీ ఉండే గుణం, వాటిని ఎట్లా కలిపినా చెడిపోని గుణం, నీకు కావాల్సినదానికి మాత్రం లేని గుణం. అది దొరికితే ఫార్ములా పొడుగు ఎంతైనా సంబంధం లేదు.

అండ్, ఆర్ చూడు. అక్షరాలన్నింటికీ 1 పెట్టు. 1 అండ్ 1 అంటే 1. 1 ఆర్ 1 అన్నా 1. అంటే చిన్న ఫార్ములా 1 ఇస్తుంది, రెండు చిన్నవాటిని కలిపితే వచ్చే పెద్దది కూడా 1 ఇస్తుంది, దాన్ని ఇంకోదాంతో కలిపినా 1. ఫార్ములాలో ఎన్ని కనెక్టివ్స్ ఉన్నాయి అనేదాని మీద ఇండక్షన్ రాసేయ్, రెండు లైన్లు. నాట్‌కి 1 ఇస్తే 0 రావాలి. కాబట్టి అండ్, ఆర్‌లతో కట్టిన ఏ ఫార్ములా కూడా నాట్ కాలేదు. అంతే, అయిపోయింది.

ఇదే రెండు లైన్లతో ఇంకా పెద్ద సంగతి తేలుతుంది చూడు. ఇంప్లైస్‌కి రెండు 1లు ఇస్తే 1, బైకండిషనల్‌కి (రెండూ ఒకటే అయితే 1 ఇచ్చేది) ఇచ్చినా 1. కాబట్టి అండ్, ఆర్, ఇంప్లైస్, బైకండిషనల్ నాలుగూ కలిపి పెట్టుకున్నా నాట్ రాదు. నాలుగున్నాయి కదా సరిపోతాయిలే అనిపిస్తుంది, ఎన్ని ఉన్నాయి అనేదానికి ఇక్కడ విలువ లేదు.

రేణిగుంట_ఎమ్సీఏ:
మేడం చాలా థాంక్స్, ఇంత చిన్నదా! అయితే అసలు కష్టమంతా నాట్ దగ్గరే ఉందని అర్థమైంది. నాట్ సెట్‌లో ఉంటే చాలు గదా మేడం, దానికి తోడు రెండు అక్షరాలు తీసుకునేది ఏదో ఒకటి ఉంటే కంప్లీట్ అయిపోతుందా? నాట్, ఎక్సార్ (రెండూ వేరువేరైతేనే 1 ఇచ్చేది) ఇచ్చినారనుకోండి, అండ్ తెప్పించుకోవచ్చా?

పుత్తూరు_గేట్:
వస్తుంది అనుకుంటా బ్రో, ఎక్సార్ పవర్‌ఫుల్, యాడర్‌లో (బైనరీ అంకెలు కూడే సర్క్యూట్‌లో) సమ్ అంతా దాంతోనే గదా చేసేది.

పలమనేరు_వైర్‌మాన్:
రాదు సామీ. నేను లెక్కలు సదువుకున్నోణ్ణి కాదు, ఐటీఐ చేసి వైరింగ్ పని చేస్తా ఉండా, కానీ ఎక్సార్ అంటే మాకు రోజూ చేతిలో ఉండేదే. మెట్ల కాడ కింద ఒక టూవే స్విచ్చి, పైన ఒక టూవే స్విచ్చి, మధ్యలో ఒగే లైటు. ఏ స్విచ్చి నొక్కినా లైటు మారాల్సిందే, ఎలుగుతా ఉంటే ఆరిపోతాది, ఆరిపోయి ఉంటే ఎలుగుతాది. ‘కింద స్విచ్చి ఆఫ్‌లో ఉంది కాబట్టి పైన నొక్కినా ఏం కాదు’ అనేది దాంట్లో ఉండదు. అండ్ అంటే అదే గదా, రెండు స్విచ్చులు వరసగా సీరీస్‌లో పెడితే ఒకటి ఆఫ్‌లో ఉంటే రెండోది ఎన్నిసార్లు నొక్కినా లైటుకి ఏం తెలీదు. మెట్ల వైరింగ్‌ని ఎంత పెద్దది చేసినా, మధ్యలో ఇంటర్మీడియట్ స్విచ్చులు పెట్టి నాలుగు అంతస్తులకి లాగినా, ఏది నొక్కినా మారతానే ఉంటాది. నాట్ కలిపితే ఏమవుతాది, లైటు మొదట్లో ఆరి ఉండాల్నా ఎలిగి ఉండాల్నా అనేది తిరగబడతాది, అంతకుమించి ఏం లేదు.

చిత్తూరు_లెక్కల_మేడం:
పలమనేరు అన్నా, మీరు చెప్పింది పూర్తి ప్రూఫే, లెక్కల భాషలో రాయడం ఒక్కటే మిగిలింది, అది నేను రాస్తాను.

నాట్, ఎక్సార్, బైకండిషనల్ మూడింటితో ఏ ఫార్ములా అయినా రాయండి. దాంట్లో పి అనే అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. బేసి సంఖ్య అయితే పి విలువ మార్చిన ప్రతిసారీ ఫలితం మారుతుంది, సరి సంఖ్య అయితే ఎప్పుడూ మారదు. ‘ఒకసారి మారుతుంది ఒకసారి మారదు’ అనేది ఉండదు. కాబట్టి రెండు అక్షరాల టేబుల్‌లో నాలుగు వరసలుంటే 1లు 0 గానీ 2 గానీ 4 గానీ రావాలి. అండ్‌లో ఒకే ఒక్క 1 ఉంది. ఆర్‌లో మూడున్నాయి. ఒకటీ మూడూ ఈ సెట్‌కి అందవు. పుత్తూరు గారు యాడర్ అన్నారు కదా, అక్కడ కూడా సమ్‌కి ఎక్సార్ సరిపోతుంది, క్యారీ దగ్గరికి వచ్చేసరికి అండ్ పెట్టక తప్పదు, కారణం ఇదే.

పుత్తూరు_గేట్:
ఓకే మేడం, బేసి సరి లాజిక్ సూపర్‌గా ఉంది. అయితే ఇట్లాంటి గుణాలు ఎన్ని ఉంటాయి? ప్రతి సెట్‌కీ కొత్తది వెతుక్కోవాలంటే పరీక్షలో టైం సరిపోదు గదా.

చిత్తూరు_లెక్కల_మేడం:
ఐదు. ఐదే ఐదు, ఆరోది లేదు. నాకు ఈ సబ్జెక్ట్ మీద ప్రేమ పుట్టిందే ఈ విషయం తెలిసినప్పుడు. ఎమిల్ పోస్ట్ అనే ఆయన దీన్ని 1921లో ప్రకటించి, పూర్తి వివరాలతో 1941లో పుస్తకంగా వేశారు. ఆయన చిన్నప్పుడే ప్రమాదంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నారు, న్యూయార్క్ సిటీ కాలేజీలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పారు. ట్రూత్ టేబుల్‌తో సరిచూసి ఎప్పుడూ నిజమే అని తేలిన ప్రతి ఫార్ములానీ ప్రిన్సిపియా (రస్సెల్, వైట్‌హెడ్ రాసిన లాజిక్ పుస్తకం) పద్ధతిలో నిరూపించొచ్చు అని చూపించింది కూడా ఆ 1921 పేపరే.

ఆ ఐదు ఇవి. మొదటిది, అన్నీ 0 ఇస్తే 0 ఇవ్వడం (అండ్, ఆర్, ఎక్సార్). రెండోది, అన్నీ 1 ఇస్తే 1 ఇవ్వడం, పైన అబ్బాయి లెక్కకి వాడింది ఇదే. మూడోది మోనోటోన్, అంటే ఏదో ఒక అక్షరాన్ని 0 నుంచి 1కి పెంచితే ఫలితం 1 నుంచి 0కి ఎప్పుడూ పడిపోదు, అండ్, ఆర్ ఈ రకం. నాలుగోది సెల్ఫ్ డ్యుయల్, అన్ని అక్షరాలనీ ఒకేసారి తిరగేస్తే ఫలితం కూడా కచ్చితంగా తిరగబడాలి, నాట్ ఇలాంటిదే, మూడు ఓట్లలో మెజారిటీ ఎటో చెప్పే ఫంక్షన్ కూడా ఇలాంటిదే. ఐదోది మన మెట్ల లైటు రకం, దాన్ని అఫైన్ అంటారు.

పోస్ట్ చెప్పిందేమిటంటే, ఈ ఐదింట్లో ఒక్కొక్కదాన్నీ ఉల్లంఘించేది మీ సెట్‌లో కనీసం ఒక్కటి ఉండాలి. ఒకే కనెక్టివ్ రెండు మూడింటిని ఉల్లంఘించినా పరవాలేదు. ఐదూ ఉల్లంఘించబడితే సెట్ కంప్లీట్, ఒక్కటి మిగిలిపోయినా ఇన్‌కంప్లీట్. రెండో మాట తేలిక, గుణం చెడదు కాబట్టి. మొదటి మాటే గొప్పది, ఈ ఐదు అడ్డంకులూ దాటితే ఇంక వేరే అడ్డంకి ఉండదు అని హామీ ఇస్తుంది.

రేణిగుంట_ఎమ్సీఏ:
మేడం ఇది పెట్టుకోని నాండ్, నార్ తప్ప ఒంటరిగా చాలేది ఇంకోటి ఎందుకు లేదో చేసి చూసినా, సరిగ్గా ఉందా చెప్పండి. రెండు అక్షరాలకి నాలుగు వరసలు, మొత్తం 16 కనెక్టివ్స్. ఒంటరిగా చాలాలంటే ఐదింటినీ అదే ఉల్లంఘించాలి. 0, 0 ఇస్తే 1 రావాలి. 1, 1 ఇస్తే 0 రావాలి. రెండు గడులు ఫిక్స్ అయిపోయినాయి, మిగిలినవి 0, 1 గడి, 1, 0 గడి. అంటే 16లో 4 మాత్రమే మిగిలినాయి. ఆ రెండు గడుల్లో 1, 1 పెడితే నాండ్. 0, 0 పెడితే నార్. 1, 0 పెడితే అది ఉత్త నాట్ పి, క్యూకి పనే లేదు. 0, 1 పెడితే నాట్ క్యూ. ఈ ఆఖరి రెండూ సెల్ఫ్ డ్యుయల్. కాబట్టి రెండే.

చిత్తూరు_లెక్కల_మేడం:
నూటికి నూరు. ఈ ‘రెండే’ అనేదాన్ని జిలిన్స్కి అనే పోలిష్ లెక్కల ఆయన 1925లో నిరూపించి అచ్చు వేశారు, నువ్వు చేసింది అదే ఫలితం.

ఇప్పుడు మూడు అక్షరాలకి చెయ్యి. 8 వరసలు, 256 ఫంక్షన్లు. వాటిల్లో ఒంటరిగా చాలేవి ఎన్ని?

రేణిగుంట_ఎమ్సీఏ:
మొదటి వరస 1, ఆఖరి వరస 0, ఫిక్స్. మిగిలిన 6 గడులకి 64 రకాలు. వాటిల్లో సెల్ఫ్ డ్యుయల్‌వి తీసేయాల. 6 వరసలు తిరగేస్తే జతలు జతలుగా పడతాయి, మూడు జతలు, జతలో ఒకటి పెడితే రెండోది దానంతట అదే వస్తుంది, కాబట్టి 8 రకాలు. 64 లోంచి 8 తీసేస్తే 56. కానీ మేడం ఈ 56 మోనోటోన్ కాదు, అఫైన్ కాదు అని కూడా చూడాల గదా, అవి వదిలేసినా.

చిత్తూరు_లెక్కల_మేడం:
వదిలేసినా పరవాలేదు, 56 కరెక్టే. పోస్ట్ సిద్ధాంతం కూడా అక్కర్లేకుండా నేరుగా చూపిస్తాను, ఇది చాలా అందంగా ఉంటుంది, నిదానంగా చదువు.

ఆ 56లో ఏదో ఒకటి తీసుకో. అది సెల్ఫ్ డ్యుయల్ కాదు, అంటే ఎక్కడో ఒక వరస ఉంది, దాన్ని పూర్తిగా తిరగేసినా ఫలితం మారలేదు. ఉదాహరణకి 0, 1, 1 వరసకీ 1, 0, 0 వరసకీ ఒకే ఫలితం వచ్చిందనుకో. ఆ వరసలో 0 ఉన్న చోట పి పెట్టు, 1 ఉన్న చోట్ల క్యూ పెట్టు. మూడు అక్షరాల ఫంక్షన్ రెండు అక్షరాలదైపోయింది. ఇప్పుడు దీని టేబుల్ చూడు. 0, 0 ఇస్తే 1 (మొదటి వరస). 1, 1 ఇస్తే 0 (ఆఖరి వరస). 0, 1కీ 1, 0కీ ఒకే ఫలితం. ఆ ఫలితం 1 అయితే నాండ్, 0 అయితే నార్! ఇంక చెప్పేదేముంది. నాలుగు అక్షరాలైనా పది అక్షరాలైనా ఇదే వాదన నడుస్తుంది, ఒంటరిగా చాలే ప్రతి కనెక్టివ్ కడుపులోనూ నాండ్ గానీ నార్ గానీ దాగి ఉంటుంది.

అలిపిరి_99:
మేడం ఇది నిజంగా బాగుంది, సేవ్ చేసుకున్నా. ఇంప్లైస్ గురించి ఒక మాట. నేను విన్నది ఏమంటే ఇంప్లైస్ ఒక్కదాంతో ఆర్ వస్తుందంట, అండ్ మాత్రం రాదంట. ఆర్, అండ్ రెండూ జోడీ లాంటివి గదా, ఒకటి వచ్చి ఒకటి రాకపోవడం ఏంది?

చిత్తూరు_లెక్కల_మేడం:
ఆర్ వస్తుంది: (పి ఇంప్లైస్ క్యూ) ఇంప్లైస్ క్యూ. టేబుల్ వేసి చూడండి, రెండూ 0 అయినప్పుడు మాత్రమే 0.

అండ్ రాకపోవడానికి పోస్ట్ గుణాలు పనికిరావు, ఎందుకంటే అవి ‘అన్నీ వస్తాయా’ అనేదానికే, ‘ఫలానాది వస్తుందా’ అనేదానికి వేరే గుణం వెతకాలి. ఇంప్లైస్ మాత్రమే ఉన్న ఫార్ములాకి కుడి చివర ఏదో ఒక అక్షరం ఉంటుంది. ఆ అక్షరం 1 అయితే దాని మీద ఉన్న ఇంప్లైస్ 1 అవుతుంది, ఎడమ పక్క ఏమున్నా సరే, దాని పైది కూడా 1, అలా పైదాకా. అంటే టేబుల్‌లో కనీసం సగం వరసలు 1 ఉండి తీరాలి. అండ్‌లో నాలుగింట ఒకటే 1. కాబట్టి రాదు. ఆర్‌లో నాలుగింట మూడు, సరిపోయింది.

పలమనేరు_వైర్‌మాన్:
ఈ నాండ్ సంగతి చిప్పుల్లో చెప్తా. 7400 అని ఐసీ ఉంటాది, 14 కాళ్లు, లోపల నాలుగు నాండ్ గేట్లు, 14వ కాలికి 5 వోల్టులు, 7వ కాలికి గ్రౌండ్. ఎక్సార్ కావాలంటే సరిగ్గా నాలుగు నాండ్‌లు పడతాయి, అంటే ఒగే ఐసీతో అయిపోతాది. మొదటి నాండ్‌కి పి, క్యూ. దాని అవుట్‌పుట్‌ని ‘ఎమ్’ అనుకుంటే, పి నాండ్ ఎమ్ ఒకటి, క్యూ నాండ్ ఎమ్ ఒకటి, ఆ రెండింటి నాండ్ ఆఖరిది. ఎమ్‌ని ఇంకో నాండ్‌లో తిరగేస్తే క్యారీ వస్తాది, ఐదు గేట్లతో హాఫ్ యాడర్. ఫుల్ యాడర్ తొమ్మిదితో అయిపోతాది. నార్‌ది 7402. దాన్ని 7400 బోర్డులో అట్లనే దూర్చకండి, గేట్ల అవుట్‌పుట్ కాళ్లు వేరే, 7402లో 1వ కాలు అవుట్‌పుట్, 7400లో 3వ కాలు. మా కాడికి ప్రాజెక్టులు చేసుకోడానికి వచ్చే పిల్లోళ్లకి మొదట చెప్పేది ఇదే.

పుత్తూరు_గేట్:
అన్నా సూపర్. సీమాస్‌లో (ఇప్పటి చిప్పులు చేసే పద్ధతిలో) కూడా ఇదే కథ. రెండు ఇన్‌పుట్ల నాండ్‌కి 4 ట్రాన్సిస్టర్లు, అండ్‌కి 6, ఎందుకంటే అండ్ అంటే నాండ్ చేసి దాని వెనక ఇన్వర్టర్ పెట్టడమే. ఈసీఈ వాళ్లకి ‘అండ్ బేసిక్, నాండ్ దాన్నుంచి పుట్టింది’ అని చెప్తారు గదా, సిలికాన్‌లో తిరగేసి ఉంటుంది. నాండ్, నార్ రెండూ 4 ట్రాన్సిస్టర్లే అయినా నాండ్‌నే ఎక్కువ వాడతారు, నార్‌లో పీమాస్‌లు (సీమాస్‌లో వాడే ఒక రకం ట్రాన్సిస్టర్లు) రెండు సీరీస్‌లో పడతాయి, పీమాస్‌లో కరెంట్ మోసే హోల్స్ ఎలక్ట్రాన్ల కంటే నిదానం, అందుకని అదే స్పీడ్ కావాలంటే వాటిని వెడల్పుగా చేయాల, జాగా ఎక్కువ పడుతుంది.

నార్‌కి కూడా దాని రోజులు ఉండేవి. చంద్రుడి మీదికి పోయిన అపోలో గైడెన్స్ కంప్యూటర్ లాజిక్ అంతా ఒకే రకం గేటు, మూడు ఇన్‌పుట్ల నార్. మనుషులతో చంద్రుడి దాకా పోయిన బ్లాక్ 2 మోడల్‌లో అట్లాంటి గేట్లు రెండేసి ఉన్న చిప్పులు సుమారు 2800. ఒకే రకం చిప్ అయితే టెస్ట్ చేయడం తేలిక, నమ్మకం ఎక్కువ, దాంతో ఆ నిర్ణయం తీసుకున్నారు. ఒక్క కనెక్టివ్ చాలు అనే థియరీకి ఇంతకంటే పెద్ద ప్రాక్టికల్ ఏముంటుంది!

రేణిగుంట_ఎమ్సీఏ:
వైర్‌మాన్ అన్నా, నాలుగు గేట్ల ఎక్సార్‌ని పేపర్ మీద ఫార్ములాగా రాస్తే ఎమ్ రెండుసార్లు రాయాల్సి వస్తోంది, అంటే ఐదు నాండ్‌లు కనపడతా ఉండాయి.

పలమనేరు_వైర్‌మాన్:
అవును, వైరు అయితే ఒగ కాలి నుంచి రెండు పక్కలకి లాక్కోవచ్చు, కాగితం మీద ఆ సౌకర్యం లేదు. దాని వల్లనే నాండ్ ఫార్ములాలు కాగితం మీద గుట్టలు గుట్టలుగా పెరిగిపోతాయి, సర్క్యూట్ మాత్రం చిన్నగానే ఉంటాది.

కుప్పం_పాఠకుడు:
చరిత్ర గురించి నేను నాలుగు మాటలు కలుపుతాను, ఎందుకంటే పుస్తకాల్లో నాండ్‌కి ‘షెఫర్ స్ట్రోక్’ అని పేరు ఒకరికే పోయింది, నాకు అది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. అమెరికాలో చార్ల్స్ పియర్స్ సుమారు 1880లోనే ఒక్క గుర్తుతో మొత్తం బూలియన్ ఆల్జీబ్రా రాయొచ్చని కనిపెట్టి రాసుకున్నాడు, ఆయన తీసుకున్నది నార్. అది అచ్చు కాలేదు, ఆయన పోయాక 1933లో రచనల సంపుటంలో బయటికి వచ్చింది. 1911లో ఎడ్వర్డ్ స్టామ్ అనే పోలిష్ ఆయన అచ్చులోనే చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1913లో హెన్రీ షెఫర్ పేపర్ వచ్చింది, దాన్ని రస్సెల్ చూశాడు, అక్కడితో పేరు నిలిచిపోయింది. దాంట్లో ఒక విశేషం, షెఫర్ ఆ పేపర్లో స్ట్రోక్‌ని ముఖ్యంగా వాడింది నార్ అర్థంలో. ఇప్పుడు మనం షెఫర్ స్ట్రోక్ అంటే నాండ్ అనుకోవడం 1917లో ఫ్రెంచ్ కుర్రాడు జాన్ నికో దాన్ని నాండ్‌గా తీసుకున్న దగ్గర నుంచి స్థిరపడింది.

నికో చేసిన పని ఇంకా ఆశ్చర్యం. కనెక్టివ్ ఒకటే అయితే సరిపోలేదు ఆయనకి, ప్రపోజిషనల్ లాజిక్ మొత్తాన్నీ ఒకే ఒక్క ఆక్సియమ్ (ప్రూఫ్ లేకుండా ముందే ఒప్పుకునే సూత్రం), ఒకే ఒక్క రూల్‌తో నిలబెట్టాడు. రూల్ ఏమంటే, పి ఉంది, పి నాండ్ (క్యూ నాండ్ ఎస్) ఉంది అంటే ఎస్ రాసుకోవచ్చు. క్యూ, ఎస్ ఒకటే అనుకుంటే ఇది మనకు తెలిసిన మోడస్ పోనెన్సే (పి, పి ఇంప్లైస్ క్యూ రెండూ ఉంటే క్యూ రాసుకోవడం). 1925లో వచ్చిన ప్రిన్సిపియా రెండో ఎడిషన్ ముందుమాటలో ఈ స్ట్రోక్‌కి, నికో ఆక్సియమ్‌కి పెద్ద చోటిచ్చారు.

న్యాయశాస్త్రం_తిరుపతి:
చర్చ చదువుతా ఉంటే ఆగలేక రాస్తున్నా. నేను సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయం చదువుకుంటున్నాను. నాండ్‌తో అన్నీ వచ్చేస్తాయి అనేదంతా ఒక నమ్మకం మీద నడుస్తోంది, రెండుసార్లు కాదంటే అవునన్నట్టే అని. అండ్‌ని తెప్పించినప్పుడు చేసింది అదే కదా, నాండ్ చేసి మళ్లీ కాదనడం. మా శాస్త్రంలో దీని మీద పెద్ద వాదమే ఉంది. ఘటం లేకపోవడం ఘటాభావం. ఆ అభావానికి అభావం ఏమిటి? ప్రాచీనులు అది ఘటమే అన్నారు. నవ్యన్యాయ పండితుడు రఘునాథ శిరోమణి ఒప్పుకోలేదు, అభావానికి అభావం కూడా అభావమే, అది ఘటం అనే వస్తువు ఎట్లా అవుతుంది అన్నాడు. అయితే మూడో మెట్టులో, అంటే అభావాభావానికి అభావం తీసుకుంటే, అది మొదటి ఘటాభావమే అని ఒప్పుకున్నాడు. రెండు మెట్లు ఎక్కితే వెనక్కి రాలేము, మూడు ఎక్కితే ఒకటితో సమానం. మీ లాజిక్‌లో ఇలాంటిది ఏమైనా ఉందా మేడం?

చిత్తూరు_లెక్కల_మేడం:
ఉంది సార్, మీరు రాసింది చదివి చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను. ఇన్‌ట్యూషనిస్టిక్ లాజిక్ అని ఉంది (ప్రూఫ్ చేతికి దొరికితేనే నిజం అనేది), బ్రౌవర్ ఆలోచనలకి హైటింగ్ 1930లో సూత్రాలు కట్టారు. దాంట్లో నాట్ నాట్ పి నుంచి పి రాదు, కానీ నాట్ నాట్ నాట్ పి, నాట్ పి రెండూ ఒకటే. మీరు చెప్పిన మెట్ల లెక్క అచ్చం ఇదే. శిరోమణి వాదన వస్తువుల గురించి, ఇది ప్రూఫ్‌ల గురించి, కాబట్టి రెండూ ఒకే సిద్ధాంతం అని నేను అనను, రూపం మాత్రం ఒకటే.

మీరు పట్టుకున్న చోటు కూడా సరైనదే. ఆ లాజిక్‌లో (పి నాండ్ క్యూ) నాండ్ (పి నాండ్ క్యూ) అంటే నాట్ నాట్ (పి అండ్ క్యూ) మాత్రమే, పి అండ్ క్యూ కాదు. నాండ్ అక్కడ చాలదు. 1939లో మెకిన్సీ నిరూపించారు, అక్కడ అండ్, ఆర్, ఇంప్లైస్, నాట్ నాలుగింట్లో ఏ ఒక్కటీ మిగతా మూడింటితో రాదు. అట్లని ఆశ వదులుకోవాల్సిన పని లేదు, మూడు అక్షరాలు తీసుకునే ఒకే కనెక్టివ్‌తో అవన్నీ రప్పించొచ్చని కుజ్నెత్సోవ్ అనే రష్యన్ 1965లో చూపించారు.

న్యాయశాస్త్రం_తిరుపతి:
చాలా సంతోషం మేడం. మా గురువుగారికి ఈ మూడో మెట్టు సంగతి చూపించాలి.

రేణిగుంట_ఎమ్సీఏ:
ఇంకొక్కటి మేడం. ఒక ప్రశ్న నేనే తయారు చేసుకున్నా: ఆర్, బైకండిషనల్, 0. ఈ మూడూ చాలునా? ఐదు గుణాలు వరసగా చూసినా. అన్నీ 0 ఇస్తే 0 రావాలనేదాన్ని బైకండిషనల్ ఉల్లంఘిస్తుంది, 1 ఇస్తుంది కాబట్టి. అన్నీ 1 ఇస్తే 1 అనేదాన్ని 0 ఉల్లంఘిస్తుంది, దానికి ఏమిచ్చినా 0నే. మోనోటోన్‌ని బైకండిషనల్. సెల్ఫ్ డ్యుయల్‌ని ఆర్. అఫైన్‌ని కూడా ఆర్, మూడు 1లు ఉండాయి గదా. కాబట్టి కంప్లీట్. నాట్ పి కావాలంటే పి బైకండిషనల్ 0.

ఇంకా బాగుండే సంగతి ఏమంటే మూడింట్లో ఒక్కటి కూడా తీసేయలేము. 0 తీసేస్తే మిగతా రెండూ 1లకి 1నే ఇస్తాయి. బైకండిషనల్ తీసేస్తే ఆర్, 0 రెండూ మోనోటోన్. ఆర్ తీసేస్తే మిగిలింది మెట్ల లైటు.

చిత్తూరు_లెక్కల_మేడం:
కరెక్ట్. ఒక్కటి తీసినా కూలిపోయే సెట్లలో ఇదే పెద్ద సైజు, రెండు అక్షరాలకి మించని కనెక్టివ్స్‌తో నాలుగున్న అలాంటి సెట్ ఉండదు, కావాలంటే సెలవుల్లో ప్రయత్నించు.

పుత్తూరు_గేట్:
బ్రో, కాన్‌స్టంట్ వాడొద్దు, రెండు అక్షరాలవే ఉండాల అంటే?

రేణిగుంట_ఎమ్సీఏ:
0 బదులు ఎక్సార్ పెట్టు. పి ఎక్సార్ పి అంటే 0నే గదా. ఆర్, బైకండిషనల్, ఎక్సార్. ఆర్ తీసేస్తే మిగతా రెండూ అఫైన్, బైకండిషనల్ తీసేస్తే 0లకి 0నే, ఎక్సార్ తీసేస్తే 1లకి 1నే. మళ్లా మూడూ కావాల్సిందే.